కరెంటు పోవాలని కూర్చున్న మనిషి

మా వీధిలో అందరూ ఆయన్ని డీజిలు మావయ్య అంటారు. స్నానం చేసి ఉతికిన చొక్కా తొడుక్కున్నా, మనిషికన్నా ముందు డీజిలు వాసనే గుమ్మంలోకి వస్తుంది. ఫంక్షన్ హాలు వెనక రేకుల షెడ్డులో జనరేటరు నడపడం ఆయన పని. కరెంటు పోగానే చీకట్లో తడుముకోకుండా దాన్ని అందుకుంటాడు. హాలు మళ్లీ వెలిగినప్పుడు జనం ఒక్కసారిగా ‘హమ్మయ్య’ అంటారే, ఆ చప్పుడు వింటే ఆయన మొహం కూడా వెలిగేది.

ఈ మధ్య హాలు ఓనరు డాబా మీద సోలారు పలకలు వేయించి, మెట్ల కింది గదిలో బ్యాటరీలు పెట్టించాడు. అప్పట్నుంచి మావయ్య నోటికి అడ్డూ ఆపూ లేదు. బట్టలారేసుకోవడానికైనా పనికిరాని పలకలన్నాడు. వాటిని బిగించినవాళ్లకి ‘ఎండ బేరగాళ్లు’ అని పేరు పెట్టాడు. సాయంత్రమయ్యేసరికి డ్యూటీ దిగిపోయే సూర్యుణ్ణి రాత్రి ఫంక్షనుకి నమ్ముకున్నవాణ్ణి ఏమనాలని దారినపోయేవాళ్లని ఆపి మరీ అడిగేవాడు. బ్యాటరీలంటారా, తన ఫోనే సాయంత్రానికి చచ్చి ఊరుకుంటోంది, అవి హాలుని మోస్తాయా? నేను షెడ్డు మెట్టు మీద కూర్చుని వినేవాణ్ణి. తిట్లలోనూ ఆయనది ఇంజను పద్ధతే, ఒకసారి అందుకుంటే చల్లారడానికి చాలాసేపు పట్టేది.

తిట్టుకుని ఊరుకుంటే బాగుండేది. సొంతంగా పెద్ద జనరేటరు కొని అద్దెకు తిప్పుతానని పట్టు పట్టాడు. సోలారు సంబరం నాలుగు రోజుల్లో తేలిపోతుందట, హాళ్లవాళ్లంతా తన గుమ్మం ముందు వరస కడతారట, డీజిలుకి చావు లేదట. దానికి అత్తయ్యకి ఆమె తండ్రి ఇచ్చిన స్థలం అమ్మాలి. ముందుగదిలో జాకెట్లు కుట్టే అత్తయ్య మిషను ఆపకుండా ఒక్క మాట చెప్పింది: ఎండాకాలం, కరెంటు ఎలాగూ పోతుంది, రేపు రాత్రి సభలో మీ హాలు ఒక్కసారి చీకటైనా స్థలం అమ్మేసుకోండి, కాకపోతే ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తొద్దు.

ఆ సభ ఎవరో ఆఫీసరు రిటైరైనందుకు పెట్టింది. మైకు పట్టుకున్నవాడు వదలడం లేదు. మావయ్య షెడ్డులో స్టూలు మీద కూర్చుని, నెత్తిమీది బల్బు మీంచి చూపు తిప్పలేదు. కరెంటు పోయిన సంగతి ఇన్నేళ్లూ ఆయనకి చెప్పింది ఆ బల్బే.

"చూస్తూ ఉండు. కాసేపట్లో ఆ పెద్దమనిషికి మైకెక్కడుందో కూడా కనబడదు," అన్నాడు నాతో.

బల్బు రెప్ప కూడా వేయలేదు. తెప్పించుకున్న టీ చల్లారిపోయింది. చివరికి కరెంటాఫీసువాళ్లు కూడా ఎండ బేరగాళ్లతో కుమ్మక్కయ్యారని తేల్చేశాడు.

అంతలో టార్చి పట్టుకుని అత్తయ్య వచ్చింది. గుమ్మంలో నిలబడి బల్బునీ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది.

"ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నారు?"

"కరెంటు పోనీ, చెప్తా."

"పోయి చాలాసేపైంది. చేతిలో జాకెట్టు సగంలో వదిలేసి వచ్చా."

మావయ్య నమ్మలేదు. చరచరా వీధిలోకి నడిచాడు, వెనకే మేమూ. వీధంతా కాటుకలా ఉంది. మందుల షాపాయన కొవ్వొత్తి పెట్టుకుని చిల్లర వెతుకుతున్నాడు. హాలొక్కటే ధగధగలాడుతోంది, లోపల ఉపన్యాసం సాగుతూనే ఉంది. షెడ్డులో బల్బుని కూడా బ్యాటరీలకే కలిపేశారని అప్పటికి గానీ ఆయనకి తట్టలేదు.

"సిగ్గులేని కరెంటు. పోయేటప్పుడు చెప్పి పోవాలన్న ఇంగితం కూడా లేదు."

అత్తయ్య నవ్వలేదు. "నా స్థలం సంగతి?"

ఆయన వెనక్కి తిరిగి షెడ్డుకి వెళ్లాడు. దుమ్ము లేకపోయినా జనరేటరుని ఒకసారి తుడిచి, గుడ్డ కప్పి, తలుపుకి తాళం వేశాడు. అత్తయ్య టార్చి వెలుగులో ఇంటికి నడుస్తూ సూర్యుణ్ణీ, బ్యాటరీలనీ, ఏ పాపమూ ఎరగని ఆ ఆఫీసరునీ కలిపి దారంతా తిట్టాడు. స్థలం ఊసు మాత్రం ఎత్తలేదు.