గిర్దావరు శేషయ్య గారి పొయ్యి రూలు

మొన్న గుట్ట వారగా ఉన్న మెట్ట చెలక గట్టు మీద నడుస్తుంటే కాలి కింద సీతాఫలం ఆకులు నలిగాయి. ఆ పచ్చి చేదు వాసన ముక్కుకు తగలగానే నాకు కోపం వచ్చింది. ఎవరి మీదనో వెంటనే తెలిసింది. పోయి చాలా ఏళ్లయిన మనిషి మీద ఇంకా కోపం రావడం సబబు కాదు. కానీ శేషయ్య గారితో గడిపిన కాలంలో మూడొంతులు ఆయనతో కొట్లాటకే సరిపోయింది. మిగిలిన వంతు, ఆ కొట్లాటలో ఆయనే నెగ్గినందుకు ఉడుక్కోవడానికి సరిపోయింది. ఆ కొట్లాటలు ఎక్కువగా గుట్ట ఎక్కుతూనో దిగుతూనో, ఆ ఆకుల మధ్యనే జరిగేవి. అందుకే వాసనకూ కోపానికీ ముడి పడిపోయింది.

ఆయన నిజాం జమానాలో గిర్దావరుగా చేశారు. అంటే ఊళ్ల వెంట తిరిగి పొలాల హద్దులూ శిస్తు లెక్కలూ చూసే ఉద్యోగం. నౌకరీ ముగిశాక కల్వకుర్తి దారిలో ఉన్న మా ఊళ్లో స్థిరపడ్డారు. బతుకంతా భూమి కొలిచిన మనిషి ఊరికే కూర్చోలేక ఒక పరుగు పందెం కనిపెట్టారు. చుట్టుపక్కల ఊళ్ల యువజన సంఘాలు ఒక్కొక్కటి నలుగురిని పంపాలి. ఒక్కొక్కరి చేతికి ఆయన స్వయంగా గీసిన గుట్ట పటం, ఆయన మాటలో నక్షా, ఇస్తారు. అందులో గుర్తు పెట్టిన చోట్ల, బండల సందుల్లోనో చెట్ల వెనకనో, ముంతల్లో రంగు దారాలు ఉంటాయి. నక్షా చూసుకుంటూ ఆ ముంతలన్నీ వెతికి, ఒక్కో దారం తీసి మణికట్టుకు కట్టుకుని, తిరిగి ఉరికివచ్చి చేతిలోని వెదురు ముక్కను తర్వాతివాడికి అందించాలి. నాలుగోవాడు ముందు చేరిన ఊరు గెలిచినట్టు. కాళ్లున్నవాడల్లా గెలవలేడు. నక్షా చదవడం రాక గుట్ట అవతల పక్క ఊరికి దిగి, అక్కడే మంచినీళ్లు తాగి నడిచివచ్చిన వాళ్లూ ఉన్నారు.

మొదటి ఏడాది రూళ్లేమీ లేవు. పొరుగూరి మోతుబరి ఒకాయన ఎక్కడో పట్నం నుంచి ఒక పరుగుగాణ్ణి కిరాయికి తెచ్చి దింపాడు. వాడికి తాను ఏ ఊరి తరఫున ఉరుకుతున్నాడో కూడా తెలియదు. గెలిచి, భోజనం చేసి, బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆ మర్నాడు శేషయ్య గారు కూర్చుని రెండు రూళ్లు రాశారు. ఒకటి, సంఘంలో సభ్యుడు కావాలంటే ఆ ఊళ్లో వాడికి సొంత పొయ్యి ఉండాలి. రెండు, ఒక సంఘం తరఫున ఉరికినవాడు మరుసటి పందెంలో ఇంకో సంఘానికి ఉరకకూడదు. వినడానికి బాగానే ఉన్నాయి. నేనూ బాగున్నాయనే అన్నాను, ఆ మొదటిది నాకే తగిలేదాకా.

మాది నల్లగొండ జిల్లా కట్టంగూర్ వైపు. ఆముదాల వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఈ ఊరికి వచ్చాను. నాకు చదువు చెప్పినవాళ్లు లేరు. పాత చిట్టాలు మళ్లీ మళ్లీ కూడి చూసుకుంటూ లెక్కలు నేర్చుకున్నాను. పందెంలో ఎవరికి ఎంత సేపు పట్టిందో రాసి కూడే పని నాకివ్వమని శేషయ్య గారిని అడిగాను.

"నీ పొయ్యి యాడున్నది?" అన్నారాయన.

"మా సేటు ఇంట్ల తింట సాబ్."

"అయితే నువ్వు మీ సేటు ఇంటికొచ్చిన చుట్టానివి. ఈ ఊరోనివి గాదు."

"నేను ఉరుకుత అంటలేను గద సాబ్! లెక్కగడత అంటున్న."

"తప్పు లెక్క గడితె ఊరే గద మునిగేది. లెక్కగట్టేటోడు గూడ ఊరోడే గావాలె."

చేసేది లేక కిరాయి గదిలో పొయ్యి పెట్టుకున్నాను. వండడం రాదు. రోజూ అడుగంటిన బువ్వ తిని, ఆయన్ని తిట్టుకుంటూ పనికి పోయేవాణ్ణి. ఒక పొద్దున ఆయన చెప్పకుండా వచ్చి పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నారు. బూడిద మీద చెయ్యి పెట్టి చూశారు. కుండ మూత తీసి వాసన చూశారు. "మాడింది," అన్నారు. నా మొహం చూసి, "మాడినా పొయ్యి పొయ్యే. రా, పనున్నది," అని లేచారు. అలా ఆ ఊరివాణ్ణయ్యాను.

ఆయనకు ఇంకో అలవాటుంది. అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతారు. అంతకు మించి ఒక్క మాట చెప్పరు. కారణం అడిగితే, "హద్దుల తగాదాల ఎక్కువ మాట్లాడినోని వల్లనే ఒకరి భూమి ఇంకొకరికి పోతది. అడిగింది చెప్పాలె, ఊకోవాలె," అనేవారు. సర్కారు కచేరీలో అది మంచి అలవాటే కావచ్చు. ఊళ్లో ఆ అలవాటు ఒక ఇంటిని రెండు చేసింది.

గుట్ట అవతలి ఊరి మల్లయ్య ఈ చుట్టుపక్కల అందరికంటే నేర్పరి. నక్షా చూసి, ఒకసారి తలెత్తి గుట్ట వంక చూస్తే చాలు, ముంత ఎక్కడుందో పట్టేసేవాడు. ఆ ఊరి తరఫున ఉరికి మమ్మల్ని ఓడించిన మరుసటి ఎండాకాలం, మా ఊరి కిష్టయ్య కూతురు లచ్చమ్మను చేసుకుని ఇల్లరికం వచ్చాడు. మేమంతా సంబరపడ్డాం. కానీ ఇల్లరికం అల్లుడి బతుకు ఎలా ఉంటుందో తెలిసిందే. కల్లు దుకాణం దగ్గర కూర్చున్నవాళ్లు వాణ్ణి వదిలేవాళ్లు కాదు. "అల్లుడా, ఈ యేడు ఏ ఊరికి ఉర్కుతవ్? పుట్టిన ఊరికా, పెట్టిన ఊరికా?" అని ఒకడు. "ఏ ఊరు దొర్కకపోతె మధ్యల గుట్ట మీదనే ఉండరాదు!" అని ఇంకొకడు. మల్లయ్య నవ్వి ఊరుకునేవాడు. ఇంటికి పోయాక నవ్వేవాడు కాదని లచ్చమ్మ తర్వాత చెప్పింది. మా ఊరి తరఫున ఒక్కసారి ఉరికితే ఈ మాటలు ఆగిపోతాయని అతని ఆశ.

మల్లయ్యను వెంటబెట్టుకుని నేనే శేషయ్య గారి దగ్గరికి వెళ్లాను. "సాబ్, మల్లయ్య కిష్టయ్య మామ ఇంట్ల తింటుండు. పొయ్యి రూలుకు సరిపోతడా?" అని అడిగాను.

"పొయ్యి కిష్టయ్యది. మల్లయ్యది గాదు. సరిపోడు," అన్నారు. అంతే. ఊరుకున్నారు.

ఆ మాట లచ్చమ్మ చెవిన పడింది. ఆమె ఎవరితోనూ సంప్రదించలేదు. మర్నాడు పొద్దున వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, వేరే కుండలో వేరే వంట మొదలుపెట్టింది. మా వైపు పొయ్యి వేరు పెట్టడమంటే ఇల్లు చీలిపోవడమే. కొడుకులు లేక, ఒక్క కూతురు దూరం పోకూడదని ఇల్లరికం తెచ్చుకున్న కిష్టయ్యకు అది ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఒకే గాదెలోని జొన్నలు రెండు పొయ్యిల మీద ఉడికాయి. తల్లి లోపల, కూతురు బయట, ఇద్దరూ పొగకు కళ్లు తుడుచుకుంటూ వండుకున్నారు. కిష్టయ్య అల్లుడితో మాట మానేశాడు. ఊరంతా, "గీ గిర్దావరు ఉరుకుడు పందెం పెట్టి ఇల్లు ఇడగొట్టిండు," అని తిట్టింది.

పందెం దగ్గర పడ్డాక మళ్లీ వెళ్లాం. శేషయ్య గారు వచ్చి, మూడు రాళ్ల ముందు కూర్చుని, బూడిద తాకి, "పొయ్యి సరే," అన్నారు. లచ్చమ్మ మొహం వెలిగింది. అప్పుడాయన లేచి, "కని పోయినసారి అవతలి ఊరికి ఉరికిండు గద. రెండో రూలు అడ్డమస్తది. ఈ పందెంల ఉరకరాదు," అన్నారు.

నేను ఆయనకు అడ్డం వెళ్లాను. "సాబ్! ఆ రోజే గీ మాట చెప్పొద్దా? ఇల్లు రెండయినంక చెప్తవా?"

"నువ్వు పొయ్యి సంగతే అడిగినవ్."

"రెండో రూలు నీకు యాదికి లేదా?"

"ఉన్నది. నువ్వు అడగలే."

నేను చేతిలోని టవలు నేలకేసి కొట్టాను. లచ్చమ్మ మాత్రం అరవలేదు. "సాబ్, నువ్వు మా నాయిన దిక్కు ఒకసారి చూడు," అంది. కిష్టయ్య లోపలి గడప మీద అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. శేషయ్య గారు ఆ వీపు వైపు చాలాసేపు చూశారు. తర్వాత, "తప్పు నాది. చెప్పాల్సింది. పొయ్యి రూలు గూడ తప్పే రాసిన," అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం అదొక్కసారే. "పొయ్యి కలుపు బిడ్డా," అన్నారు.

"నీ రూలు మారినంక కలుపుత," అంది లచ్చమ్మ.

"పందెం అయినంకనే మారుస్త. నడుమ మారిస్తె, మన మనిషి కోసం మార్చిండ్రంటరు."

"అయితె నేను గూడ పందెం అయినంకనే కలుపుత."

ఇద్దరూ ఒకే రాతి ముక్కలు. వాళ్ల మధ్య నిలబడి నాకు తల బద్దలుకొట్టుకోవాలనిపించింది.

ఆ ఏడు మేం ఓడిపోయాం. మామూలుగా కాదు, నవ్వులపాలై ఓడిపోయాం. మా నాలుగోవాడు నాగులు నక్షాను తలకిందులుగా పట్టుకుని వెనక గుట్టకు ఎక్కాడు. కింద గీత దగ్గర నిలబడిన మల్లయ్యకు వాడు దారి తప్పడం కనబడుతూనే ఉంది. కేకేసి చెప్పరాదు, అదీ రూలే. పిడికిళ్లు బిగించి నిలబడ్డాడు. పక్కన శేషయ్య గారు, తాను పెట్టిన ముంత వైపు కాక మల్లయ్య వైపే చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు సంఘం సభ. శేషయ్య గారే లేచి పొయ్యి రూలు మార్చాలన్నారు. "పొయ్యి ఎవ్వరిదన్న గానీ, రోజు గా పొయ్యి మీది బువ్వ తినేటోడు గా ఊరోడే," అన్నది కొత్త రూలు. అందరూ ఒప్పుకున్నారు. అలాగైతే నేను అన్నాళ్లు మాడిన బువ్వ ఎందుకు తిన్నానో ఆయన్ని అడగాలనిపించింది. అడగలేదు. అప్పుడు నాగులు లేచి, ఓడించిన సిగ్గులోనో ఏమో, "ఆ రెండో రూలు గూడ తీసేద్దాం, మల్లయ్యకు అయినట్టు ఇంకెవ్వరికి అడ్డం గాకుండ," అన్నాడు. చాలామంది తలలూపారు. నేనూ ఊపాను.

మల్లయ్య వెనక వరసలోంచి లేచాడు. సభలో అతను మాట్లాడటం అదే మొదలు. "అది ఉండనియ్యిండ్రి. ఏడాది కూసున్న. ఇప్పుడు తీసేస్తె, నేను ఉరికినప్పుడల్ల ఎవడో ఒకడు కిరాయోడంటడు. నాకు గా మాట వద్దు," అన్నాడు.

శేషయ్య గారు కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. ఆ సాయంత్రమే లచ్చమ్మ వాకిట్లోని మూడు రాళ్లూ తీసి దడి అవతల వేసింది. కిష్టయ్య మాత్రం అల్లుడితో ఇంకా మాట్లాడలేదు.

మరుసటి పందెం నాడు మల్లయ్య గీత దగ్గరికి రాగానే అవతలి ఊరివాళ్లు అడ్డం తిరిగారు. "గీయన మా ఊర్ల పుట్టినోడు. గా ఊరికెట్ల ఉర్కుతడు?" అన్నారు. శేషయ్య గారు రూలు చదవడానికి నోరు తెరిచేలోపు, జనంలోంచి కిష్టయ్య కర్ర పట్టుకుని వచ్చాడు.

"పుట్టినప్పటి సంగతి నాకెందుకయ్యా! పొద్దుగాల మా ఇంట్ల బువ్వ తిని వచ్చిండు, మాపటికి మా ఇంట్లనే తింటడు. మా ఊరోడు గాకపోతె మీరొచ్చి పెడ్తరా?" అని అల్లుడి వైపు తిరిగి, "ఉర్కరా బిడ్డా!" అన్నాడు. ఏడాది దాటాక అతను అల్లుడితో అన్న మొదటి మాట అది. మల్లయ్య ఉరికాడు. నేను లెక్కగట్టాను. గెలిచాం. కల్లు దుకాణంలో ఆ పాత ప్రశ్న మళ్లీ ఎవరూ వెయ్యలేదు.

శేషయ్య గారు పోయాక సంఘం మల్లయ్య చేతికి వచ్చింది, పందేనికి హాలియా లాంటి దూరపు ఊళ్లూ రావడం మొదలైంది. ఈ ఏడాది మా అల్లుడు హాలియా నుంచి కల్వకుర్తికి బదిలీ అయ్యి మా ఇంట్లోనే ఉంటున్నాడు. మంచి పరుగుగాడు. ఈసారి మా ఊరి తరఫున దింపుదామా అని మల్లయ్యను అడిగాను. "పోయినసారి హాలియా సంఘానికి ఉరికిండు గద అన్నా? వచ్చే యేడు సూద్దాం," అన్నాడు, కళ్లు కూడా ఎత్తకుండా. ఇంటిదాకా పళ్లు కొరుక్కుంటూ వచ్చాను.

"మీరు గట్టిగ చెప్తె అయితది గద మామా," అన్నాడు అల్లుడు.

"కాదు," అన్నాను. "రూలు తప్పనుకుంటే పందెం అయిన మర్నాడు సభల లేచి చెప్పు. నేను నీ పక్కన నిలబడత. అప్పటిదాక అడగకు."

అతను చేతిలోని చెంబు ఠంగున కింద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. ఆ విసురు నాకు కొత్త కాదు. వెనక్కి పిలవలేదు. సభలో ఏం అనాలో, మా మాట విని రూలు మార్చినా ఇంకా ఎవరెవరు బయటే మిగిలిపోతారో ఆలోచించుకుంటూ కూర్చున్నాను.