చెంగమ్మను పేరంటానికి పిలిచిన రోజు

కుంకుమ భరిణె చేతిలో పెట్టి "పో, వీధంతా పిలిచిరా" అన్నారంటే... మా చిన్నప్పుడు ఆడపిల్లలకు అంతకన్నా పెద్ద ఉద్యోగం లేదు!

అరవైల నాటి మాట. వాకాడు దగ్గర, కాలువ ఒడ్డున మా పల్లె. సరుగుడు కట్టెలు నింపుకుని మద్రాసు పోయే పడవలు మా కళ్లముందే సాగిపోయేవి. ఆ రోజు మా పెద్దక్కకు సీమంతం. కొత్త పరికిణీ, జడకుచ్చులు... కాలు నేలమీద నిలవడం లేదు నాకు.

అమ్మ ఒకటే చెప్పింది. "ఆడోళ్లుండే ఏ ఇల్లూ వదలబాకు. వదిలితే మాట పడాల."

ఒప్పజెప్పిన పనిని సగంలో వదిలే అలవాటు నాకు అప్పుడూ లేదు. వీధి ఈ చివర నుంచి మొదలుపెట్టి, వరస తప్పకుండా గడప గడపకూ బొట్టు పెట్టి పిలుచుకుంటూ ఆ చివరికి చేరాను. ఆఖరి ఇల్లు చెంగమ్మది. తాటాకు గుడిసె, ముందు కనకాంబరాల మడి.

చెంగమ్మకు పుట్టినప్పుడు పెట్టిన పేరు చెంగయ్య. పడుచు వయసులో చీర కట్టుకుందని ఇంట్లో కొడితే, కట్టెల పడవెక్కి మద్రాసు వెళ్లిపోయిందట. అక్కడ తనలాంటి వాళ్లతో కొన్నేళ్లుండి, చెంగమ్మగా తిరిగొచ్చింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పటికి నాకు తెలిసింది పూలజడలు కుట్టే చెంగమ్మ ఒక్కతే...

ఏమి జడలవి! అరటి పట్ట మీద మల్లెమొగ్గలు ఒత్తుగా కుట్టి, నడుమ కనకాంబరం చుక్కలు పెడితే, చూసినవాళ్లు చూపు తిప్పుకోలేరు. ఏ ఇంట్లో శుభకార్యమైనా పొద్దున్నే ఆమె రావాలి. పెరట్లో కూర్చుని జడ కుట్టాలి. కొంగులో బియ్యం పోయించుకుని, పేరంటాళ్లు వచ్చేలోగా పెరటి దారినే వెళ్లిపోవాలి. ఊరంతటికీ జడలు కుట్టిన మనిషి, ఒక్క పేరంటంలోనూ చాపమీద కూర్చుని ఎరగదు. ఆ పొద్దున మా అక్కకు జడ కుట్టి కూడా అలాగే వెళ్లిపోయింది.

నన్ను చూసి కంగారుగా బయటికొచ్చింది. "ఏం పాపా, జడ జారిందా?"

"లేదు. పేరంటానికి రా" అని మునివేళ్ల మీద లేచి బొట్టు పెట్టేశాను.

"నన్నా? మీ అమ్మ చెప్పిందా?"

"ఆడోళ్లుండే ఏ ఇల్లూ వదలబాకు అనింది గదా!"

చెంగమ్మ గబుక్కున లోపలికి పోయి తలుపేసుకుంది. రాదేమో అనుకున్నాను...

వచ్చింది! మడతలు కూడా పోని ఆకుపచ్చ వెంకటగిరి చీరలో, పెరటి దారిన కాదు, వీధి గుమ్మం ముందుకే వచ్చి నిలబడింది. చాపల మీద కబుర్లన్నీ ఆగిపోయాయి.

అందరి కాళ్లకూ పసుపు రాస్తున్న మా మేనత్త రమణమ్మ తలెత్తింది. "ఏందయ్యా చెంగయ్యా, దారి తప్పినావా? పెరడు అటుండాది."

నవ్వులు...

"బొట్టు పెట్టి పిలిచినారమ్మా. వచ్చినాను."

అందరూ నావైపు తిరిగారు. అమ్మ ముఖం పాలిపోయింది.

"పిల్లకు తెలివి లేదు, నీకన్నా ఉండబళ్లా? ఆ బొట్టు తుడుచుకొని పో. బియ్యం పంపిస్తాంలే" అంది అత్త.

"బియ్యానికి రాలేదమ్మా" అంది చెంగమ్మ మెల్లగా. ఆమె చెయ్యి నుదుటి దాకా వెళ్లింది.

"తుడవబాకు!"

వంటింటి తలుపు వెనక నుంచి మా అవ్వ! తాత పోయినప్పటి నుంచీ అవ్వ పేరంటాల్లో ముందుకు వచ్చేది కాదు. ఆ రోజూ రాలేదు, గొంతు ఒక్కటే వచ్చింది. "బొట్టు పెట్టి పిలిచిన మనిషిని గడపలోంచి తిప్పి పంపితే ఆ కీడు ఎవురికే రమణమ్మా? కడుపుతో ఉండే బిడ్డ ఆడ కూచోనుండాది."

"ఇది ఆడోళ్ల పేరంటం గదమ్మా!" అంది అత్త.

"నేను గూడా ఆడదాన్నే గదా. నన్ను తలుపెనకాల పెట్టినారు. ఆమెనన్నా కూచోనీండి."

అప్పుడు మా అక్క, పీటమీద నుంచే, పక్క చాపను చేత్తో తట్టింది. "రా చెంగమ్మక్కా. ఇందాకటి నుంచి అందరూ నా జడనే చూస్తా ఉండారు. కుట్టిన మనిషిని గూడా చూడనీ."

చెంగమ్మ వచ్చి కూర్చుంది. కాళ్లు మాత్రం చీర కిందికి ముడుచుకుంది. పసుపు గిన్నెతో అత్త వరసలో ఒక్కొక్కరినీ దాటుతూ ఆమె దగ్గరికి వచ్చి ఆగింది. దాటి పోతుందా?

అత్త వంగింది.

"కాళ్లు చాపు" అంది. ఆమె చాపలేదు. "చాపమ్మా చెంగమ్మా, ఇంకా శానామంది ఉండారు."

అంతే! నేను గెంతిన గెంతుకు నా చేతిలో అక్షింతల పళ్లెం తిరగబడింది. తిట్లు పడ్డాయి... వినిపిస్తేగా!

ఆ తర్వాత చెంగమ్మ మా అక్క చేతులకు ఆకుపచ్చ గాజులు తొడిగింది. ఒక్క గాజైనా చిట్లలేదు. ఆ మర్నాటి నుంచి ఊరంతా మారిపోయిందని చెప్పను. కొన్ని ఇళ్లు ఆమెను పెరట్లోంచే పంపించాయి, చివరిదాకా. కానీ కొన్ని ఇళ్ల పిల్లలు మాత్రం కుంకుమ భరిణెతో వీధి చివరిదాకా వెళ్లడం మొదలుపెట్టారు.

అప్పుడు మాకు ట్రాన్స్‌జెండర్ అనే మాట తెలియదు. వెనకాల అనే మాటలు వేరే ఉండేవి, అవి ఇక్కడ రాయను. ఇదేదో ఈమధ్య పుట్టుకొచ్చిన సంగతి అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది... మా వీధి చివర కనకాంబరాలు పెంచుకుంటూ ఆమె బతికింది కదా!

ఇప్పుడు ఆమెలాంటి వాళ్లకు కాగితాల మీద గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ పిలుపులన్నీ ఫోన్ గ్రూపుల్లోకి పోయాయి. ఎవరి గడపకూ ఎవరం వెళ్లడం లేదు. వీధి చివర ఎవరున్నారో కూడా తెలియడం లేదు...

మీ ఊళ్లోనూ ఒక చెంగమ్మ ఉండే ఉంటుంది. గుర్తు తెచ్చుకుని కింద రాయండి... ఊరు పిలిచిన పేరు కాదు, ఆమె తనకు తాను పెట్టుకున్న పేరు.