తీజ్ బుట్టకు నీళ్లు పోసే పిల్ల

మహబూబాబాద్‌లో కౌన్సెలర్‌గా చేరి పదిరోజులు కూడా కాలేదు. పిల్లల్లో గేమ్ వ్యసనాన్ని కనిపెట్టే ప్రశ్నల కాగితం సంచిలో పెట్టుకుని, ఎప్పుడెప్పుడు ఒక కేసు దొరుకుతుందా అని తిరుగుతున్నాను. అంతలో కొత్తగూడ అవతలి తండా నుంచి తల్లీ తండ్రీ, పదో తరగతి చదివే కూతురూ వచ్చి నా ఎదుట కూర్చున్నారు. లోలోపల ఎగిరి గంతేశాను, సిగ్గులేకుండా చెబుతున్నాను.

పిల్ల రెండు నెలలుగా బడి మానేసిందట. పొద్దస్తమానం ఫోన్లో గేమేనట. పిలిస్తే పలకదట, తిండి ధ్యాసే లేదట. నేను అడగడం, తండ్రి తలూపడం, టకటకా టిక్కులు పెట్టడం. పిల్లేమో గోడ గడియారం వైపే చూస్తోంది. ఫోను కోసం తహతహ అనుకుని దానికీ ఒక టిక్కు పెట్టాను.

"గేమ్ పిచ్చి అని ఒక్కమాట జెప్పున్రి మేడం," అన్నాడు తండ్రి. "బడి బంద్ జేపిచ్చి పట్నం తీస్కపోత. మేము ఆడ బిల్డింగ్ పనికి పోతనే ఉన్నం, మాతోని ఆమె గూడ జేస్తది."

నేను రాయబోతుంటే తల్లి, పొద్దుపోతోంది, జర జల్దీ పంపమంది. పిల్ల తీజ్ బుట్టకు నీళ్లు పోయాలట. శ్రావణంలో తీజ్ పండుగకు తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. అది ఏడో రోజు. ఇన్నాళ్లూ నీళ్లు ఎవరు పోశారని ఊరికే అడిగాను.

"ఆమెనే. మూడు పూటల. ఆట నడిమిట్లనే ఫోన్ ఆడ వడేసి పోతది."

ఎవరైనా గుర్తు చేస్తారా? లేదట. తిట్టి లేపాలా? అక్కర్లేదట. ఒక్కపూటైనా మరిచిందా అంటే, తల్లి నన్నే పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

పెన్ను పక్కన పెట్టాను. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం కదా జబ్బు! ఈ పిల్ల రోజుకు మూడుసార్లు తనంతట తానే ఆపుతోంది. గేమ్ ఎక్కువే ఆడుతోంది, కాదనను. కానీ నేనెంత తొందరపడ్డాను! పెద్దవాళ్లను బయట కూర్చోమని, కుర్చీ దగ్గరికి లాక్కుని, మరి బడికెందుకు పోవడం లేదు బిడ్డా అని అడిగాను. గోళ్లు గిల్లుకుంటూ చెప్పింది.

"లెక్క తప్పు జేసిన అని సారు అందరి ముందట నిలవెట్టిండు. అందరు నవ్విన్రు. గేమ్‌ల ఓడిపోతె మల్ల మొదటి నుంచి ఆడనిస్తరు."

టిక్కుల కాగితాన్ని అక్కడికక్కడే చించేశాను. తండ్రిని లోపలికి పిలిచి, ఇది పిచ్చీ కాదు వ్యసనమూ కాదు, అవమానం అని, నేనే బడికొచ్చి సారుతో మాట్లాడతానని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఆయన నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

"రాసియ్యి మేడం," అంది పిల్ల. "మా బాపు ఉత్త మాటకు ఆగడు."

రాసిచ్చాను. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కూతురి చేతికిచ్చాడు. ఆయనకు చదువు రాదు. ఆమే చదివి వినిపించింది. 'బడికి పంపాలి' అన్నచోట రెండుసార్లు చదివింది.