బాపమ్మకు నీరసం నేర్పబోయిన రోజు

ఇప్పుడంటే ఫోను తెరిస్తే చాలు, ఎవరి ఇంట్లో ఎవరు ఎవరికి సేవ చేస్తున్నారో వీడియోల్లో కనిపిస్తుంది గానీ, నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఎల్లారెడ్డిలో బ్లాగు అంటే "బ్యాగా? ఏం బ్యాగు?" అని అడిగేవారు. కామారెడ్డిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పని చేసుకుంటున్న నేను, బాపమ్మకు (మా నాన్నను కన్నతల్లి) పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాక, ఉద్యోగం మాని ఇంటికి వచ్చేశాను. అమ్మానాన్నలు పొలానికి పోతే ఇంట్లో మిగిలేది మేమిద్దరమే. ఒళ్ళు తుడవడం, తల దువ్వడం, మందులు మింగించడం, వాటికి ముందూ వెనకా తిట్లు తినడం నా పని. అంత చక్కటి తిట్లు గాలికి పోవడం ఇష్టం లేక బ్లాగులో రాయసాగాను. చదివేవాళ్ళు కొద్దిమందే, ఎక్కువగా నాలాగే మంచం పక్కన కూర్చున్న ఆడవాళ్ళు. "మా అత్త గూడ గిట్లనే మందు గోలీలు దిండు కింద దాస్తది" అని ఎవరైనా రాస్తే, ఆ రోజంతా నాకు తోడు దొరికినట్టుండేది.

అలా ఉండగా హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్ళు ఫోను చేశారు. ముసలివాళ్ళకు బలం ఇచ్చే పొడి అమ్ముతారట. దాని గురించి నా బ్లాగులో రాస్తే నెలనెలా డబ్బిస్తారట. (ఉద్యోగం మానినదాని చెవికి 'నెలనెలా' అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో!) ఫోను పెట్టేసేలోపే నేను మనసులో బాపమ్మకు చక్రాల కుర్చీ కొనేశాను.

ఫొటోలు తీయడానికి వచ్చిన అబ్బాయి మర్యాదస్తుడు. పొడి తాగకముందు బాపమ్మ నీరసంగా పడుకోవాలి, తాగాక హుషారుగా కూర్చుని నవ్వాలి. ఇదీ అతని పథకం. బాపమ్మ మాత్రం ఫొటో అనగానే పట్టుచీర కట్టించుకుని, బంగారు గుండ్ల పేరు మెడలో వేయించుకుని, పెళ్ళికి బయల్దేరుతున్నట్టు దిండ్లకు ఆనుకుని కూర్చుంది.

"అమ్మా, కొంచెం నీరసంగా ఉండండి," అన్నాడతను.

"నీరసమేంది బిడ్డా? పొద్దుగాల్నే రొట్టెలు తిన్న."

"పోనీ, కళ్ళు మూసుకోండి."

"సచ్చిపోయిన అనుకుంటరు. తాడ్వాయి నుంచి మా చుట్టాలు ఏడ్సుకుంట వస్తరు!"

నేను బతిమాలితే కాసేపు మూసింది. సరిగ్గా అప్పుడే ఎవరిదో మేక వచ్చి, వాకిట్లో ఆరబోసిన పెసర్లలో మూతి పెట్టింది. బాపమ్మ ఎడమ చేత్తో మంచం పట్టె చరుస్తూ వేసిన కేకకు మేకతో పాటు కెమెరా అబ్బాయి కూడా గుమ్మం దాకా వెనక్కి నడిచాడు.

ఆ ఆవేశానికి అలసిపోయిందో ఏమో, తాగాల్సిన ఘట్టం వచ్చేసరికి ఒక్క గుక్క తాగి, "సున్నం నీళ్ళ లెక్క ఉన్నది. మీ అవ్వకు తాపిచ్చినవా?" అని అడిగింది. ("లేదమ్మా," అని అతను నిజమే చెప్పాడు పాపం.) ఆ వెంటనే నోరు తెరిచి గురక పెట్టింది. ఎంత లేపినా లేవలేదు. "పర్లేదు మేడం, ఫొటోల వరస మార్చుకుంటాం," అని అతను సామాను సర్దుకున్నాడు.

వాళ్ళు వరసతో ఆగలేదు. నా పేరు మీద తామే ఒక ముక్క రాసి పంపారు. అందులో బాపమ్మ, "మనవరాలి ప్రేమ, ఈ పొడి నాకు కొత్త జీవితాన్ని ప్రసాదించాయి" అంటుంది. పాత రాతల్లో తిట్లున్నవి తీసేయమని కూడా కోరారు. తిట్లు లేనిది వెతికితే ఒక్కటీ దొరకలేదు. ఏం చేయాలో తోచక, వాళ్ళు పంపింది బాపమ్మకు చదివి వినిపించాను.

"ఎవలే ఈ ముసల్ది? మంచిగ మాట్లాడుతున్నది," అంది.

"నువ్వే బాపమ్మా."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పనిచేసే చేత్తో నా గడ్డం పట్టుకుని, "నేను పోయినంక నువ్వు సదువుకునేటివి గివేనా బిడ్డా? గిండ్ల నేను లేనే గదా," అంది.

ఆ సాయంత్రమే కంపెనీకి వద్దని చెప్పేశాను. చక్రాల కుర్చీ రాలేదు. నాన్నే పాత కుర్చీకి చిన్న చక్రాలు బిగించాడు. అది ఎటు తోసినా ఎడమకే పోయేది. దాని మీద ఊరేగుతూ బాపమ్మ మా తండ్రీకూతుళ్ళను ఏమేమి అన్నదో అంతా రాశాను. కొన్నేళ్ళకు ఒక వానాకాలం పొద్దున ఆమె పోయింది. ఆ సంగతి మాత్రం రాయలేకపోయాను. ఎన్నిసార్లు కూర్చున్నా మొదటి వాక్యం రాలేదు. బ్లాగు అలాగే ఆగిపోయింది.

మొన్న కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడితే, ఒకావిడ నన్ను తేరిపార చూసి దగ్గరికొచ్చింది. తమది బీబీపేట అని చెప్పి, "నువ్వు బాపమ్మ పిల్లవు గదా? నీ బ్లాగుల ఫొటో చూసిన. మా అత్త మంచంల ఉన్నప్పుడు నువ్వు రాసినయి ఇద్దరం సదువుకుంట నవ్వేటోళ్ళం. రాసుడు బందు చేసినవేంది? బాపమ్మ మంచిగున్నదా?" అని అడిగింది.

చెప్పాలనే నోరు తెరిచాను. కానీ ఆవిడ ముఖంలో బాపమ్మ అప్పటికే నవ్వుతూ కూర్చుని ఉంది.

"మంచిగనే ఉన్నది అక్కా," అన్నాను. "పొద్దుగాల గూడ తిట్టింది."

ఆవిడ పకపకా నవ్వి తన బస్సు ఎక్కింది. చెంపల దగ్గర వెంట్రుకలు తెల్లబడుతున్నా ఇంకా 'బాపమ్మ పిల్ల'గానే చలామణి అవుతున్నందుకు నాకూ నవ్వొచ్చింది. అలా నవ్వుకుంటూ నిలబడి, ఎల్లారెడ్డి బస్సు పోగొట్టుకున్నాను.