నా అరచేతి కరాటే

ఆ రోజుల్లో అశోక్ నగర్‌లో ఎవరిని కదిలించినా గ్రూప్స్ పరీక్షల గురించో, తెలంగాణ వస్తదా రాదా అనో మాట్లాడేవారు. నా ధ్యాస మాత్రం పిడికిలి ఎట్ల బిగించాలన్న దాని మీదే ఉండేది (సిలబస్‌లో అది లేదని నాకూ తెలుసు). కారణం ఒకాయన. హాస్టల్ నుంచి కోచింగ్‌కు పోయే గల్లీలో రోజూ పొద్దున ఎదురయ్యేవాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టిఫిన్ డబ్బా, నుదుట బొట్టు. ఆడపిల్లల పక్కనుంచి పోతూ ఛాతీకి మోచెయ్యి తగిలించి, ఏమీ ఎరగనట్టు నడిచిపోయేవాడు. నా రూమ్మేట్ నల్గొండక్క, జర చుట్టయినా వేరే గల్లీ నుంచి పోదామంది.

"నేనెందుకు దారి మార్చాలె అక్కా? ఆయనే మార్చుకుంటడు" అని చెప్పి, చిక్కడపల్లిలో ఒక బడి ఆవరణలో నడిచే కరాటే క్లాసులో చేరిపోయాను.

నా తోటి విద్యార్థులంతా మూడో తరగతి, నాలుగో తరగతి వాళ్లు. తెల్ల డ్రెస్‌లో వాళ్ల మధ్య నిలబడితే, దింపడానికి వచ్చిన తల్లులు నన్ను టీచరనుకుని తమ పిల్లలు ఎట్ల నేర్చుకుంటున్నారని అడిగేవారు (బాగానే నేర్చుకుంటున్నారు, నాకంటే నయం అనేదాన్ని). మాస్టర్ గారు యాభై దాటిన బక్కపలచని మనిషి. బొటనవేలు పిడికిట్లో దాచుకుంటే ముందు అదే విరుగుతుందని, బయటికి మడవాలని, మొదటి రెండు వేళ్ల కణుపులే తాకాలని నేర్పారు. ఆ విద్యను హాస్టల్ వంటింట్లోని బియ్యం బస్తా మీద సాధన చేసి మణికట్టు వాపు తెచ్చుకున్నాను. ఆ వారం మాక్ టెస్టులో ఎడమచేత్తో జవాబుల గుండ్రాలు నింపాను. వచ్చిన మార్కులు చూసి నల్గొండక్క నన్ను మళ్లీ ఆ బస్తా దగ్గరికి పోనియ్యలేదు.

కట్టుతోనే క్లాసుకు పోతే మాస్టర్ గారు నా చెయ్యి తిప్పి చూశారు. "పిడికిలి గట్టిపడనీకి ఇంక టైమున్నది బిడ్డా. అందాక అరచేతి దిబ్బతో, మణికట్టుకు ఆనుకుని ఉన్న భాగంతో, కొట్టు. కొట్టి నిలబడకు, ఉరుకు" అన్నారు.

నెల తర్వాత ఒక పొద్దున, నల్గొండక్క వెంట ఉండగా, ఆయన ఎదురొచ్చాడు. మోచెయ్యి లేచింది. ముంజేత్తో అడ్డుకున్నాను. ఇక కొట్టడమే. కానీ క్లాసులో చెయ్యెత్తే ముందు ఎదుటివారికి వంగి దండం పెట్టడం అలవాటైపోయింది. ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు తొడలకు ఆనించి, నడుం వంచి ఆయనకు దండం పెట్టాను. పాపం, ఆయన బిత్తరపోయి, మర్యాదకు తానూ తల వంచబోయాడు. ఆ వంగుతున్న ముక్కుకే నా అరచెయ్యి తగిలింది. డబ్బా కిందపడి పప్పన్నం రోడ్డు పాలైంది. ఉరకమన్న మాస్టర్ గారి మాట గుర్తుంది గానీ, దొర్లిపోతున్న డబ్బా మూతను చూస్తూ అక్కడే నిలబడ్డాను. నల్గొండక్క నా ముందుకు వచ్చి నిలబడి, నిదానంగా, "సార్, రేపటి సంది ఇటు రాకుండ్రి" అంది. ఆయన ముక్కు పట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గల్లీలో కనపడలేదు.

ఇప్పుడు నాది ఒక ఆఫీసులో కౌంటర్ ఉద్యోగం. ఎవరైనా గొంతు పెంచితే, కూర్చోండి సార్, నీళ్లు తాగుతారా అంటాను. ఎప్పుడైనా చిక్కడపల్లి మీదుగా బస్సులో పోతుంటే, ఇరవై మూడేళ్ల ఆ పిల్ల, అప్పటి నేను, ఎదురైతే బాగుండు, జాగ్రత్తగా ఉండమని నాలుగు మంచి మాటలు చెప్పాలనిపిస్తుంది. ఆమె నిలబడి వినదు. క్లాసుకు టైమైతుందని పోతుంది.