చదివేదాకా మేలుకోని బటన్

మా టీమ్ లీడ్ పోయిందన్న కబురు మంగళవారం పొద్దున ఆఫీసు గ్రూపులో వచ్చింది. నేను నమ్మలేదు. జోడించిన చేతుల బొమ్మ, దాని కిందే ఇంకెవరిదో పుట్టినరోజు కేకు. ముందురోజు సాయంత్రమే నా పని తెరిచి చూసి, "ఇదేందిమే, పెట్టె ఇట్లా ఎగిరి మీద పడతా ఉండాది? కుక్కా?" అని రాసిన మనిషి తెల్లారేసరికి ఎలా లేకుండా పోతుంది? పక్క సీటు అమ్మాయికి ఫోన్ చేసి, ఎవరు చెప్పారు, ఎవరు చూశారు అని పోలీసులా అడిగాను. నిద్రలోనే గుండె ఆగిందట. ఏదీ వచ్చినదాన్ని వచ్చినట్టు నమ్మకూడదని నాకు నేర్పింది ఆవిడే. ఆవిడ చావుకబురుని కూడా అలాగే తిప్పి తిప్పి చూశాను.

మేము చేసేది రక్తపరీక్షలకీ స్కాన్లకీ టైము బుక్ చేసుకునే ఒక మొబైల్ యాప్. అందులో నా వంతు, తెర మీద ఏదో ఒకటి అడుగుతూ వచ్చే చిన్న పెట్టెలు. అవి కిందనుంచి జారుతూ రావాలా, మధ్యలో మొగ్గలా విచ్చుకోవాలా, పోయేటప్పుడు మసకబారాలా, చటుక్కున మాయమవాలా అన్నది చూసుకోవడం. అక్క (అందరం అలాగే పిలిచేవాళ్ళం) వీటికి ఇంగ్లీషు పేర్లు వాడేది కాదు. రాకడ, పోకడ అనేది. "వాన రాకడ, ప్రాణం పోకడ మనకి తెలీదు. దీని రాకడా పోకడా అయినా మన చేతిలో ఉండాది గదా, ఒళ్ళు దగ్గిర పెట్టుకోని చెయ్" అనేది.

కోడంబాక్కంలో పుట్టి పెరిగిన మనిషి. వాళ్ళు తరతరాలుగా ఇక్కడివాళ్ళే. నేను బెజవాడ నుంచి ఉద్యోగానికి వచ్చినదాన్ని. ఆవిడ తెలుగులో సగం అరవం. నా తెలుగు వింటే "వార్తలు చదివినట్టు మాట్లాడతావే" అని వెక్కిరించేది. లిఫ్ట్ తలుపు పూర్తిగా తెరుచుకుని ఆగితే గానీ అడుగు పెట్టేది కాదు. ఆఫీసులో ఉచితంగా ఇచ్చే టీ ముట్టేది కాదు. "ఊరికే ఇచ్చేది ఏదీ నాకు వేండాం" అని ఫ్లాస్కు తెచ్చుకునేది. ఒకసారి టి. నగర్‌లో చీరల కొట్టుకి నన్ను తోడు తీసుకెళ్ళింది. కొట్టతను చీర విసిరి పరిచిన వేగం చూసి, "మెల్లిగా పరువయ్యా. అంత తొందర పడతా ఉండావంటే ఆడ ఏదో చిరుగుండాది" అంది. చిరుగు లేదు. ఇద్దరం వెతికాం. అయినా కొనలేదు.

ఒక్క అలవాటు మాత్రం నాకు మింగుడుపడేది కాదు. తెలుగు పెట్టె ఏది తయారైనా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివించేది. తమిళం పెట్టెలు తనే చూసుకునేది. తెలుగుకి మాత్రం, "చదువుమే. ఇంకోతూరి, నిదానంగా." నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని వినేది. నేను చివరి మాట పలికేదాకా "సరే" బటన్ బూడిదరంగులో నిద్రపోతూ ఉండాలి. అప్పుడే రంగు తేలి మేలుకోవాలి, అప్పుడే వేలికి పలకాలి. అది ఆవిడ పెట్టిన రూలు. రూలు సరే, చదివేది నేనే ఎందుకు? నా యాస మీద నవ్వుకోవడానికా? నా తప్పులు పట్టి పైకి చేరవేయడానికా? ఒకరోజు అడిగేశాను.

"నాచేతే చదివిస్తావెందుకక్కా?"

"నీ గొంతు బాగుండాదని."

"నిజం చెప్పు."

"చెప్తే నమ్మే మొగమా నీది?"

బటన్ అలా ఆగి ఉండడం మేనేజరుగారికి నచ్చేది కాదు. ముఖ్యంగా ఒక పెట్టె దగ్గర: "మీ పరీక్షల వివరాలు మా భాగస్వాములతో పంచుకోవచ్చా?" అని అడిగేది. మీరు ఫోన్లో ఏదో పని మీద "తర్వాత", "తర్వాత" అని నొక్కుకుంటూ పోతుంటారు చూడండి, సరిగ్గా ఆ వేలి కిందికే "సరే" వచ్చి కూర్చోవాలని, చురుగ్గా రావాలని ఆయన కోరిక.

"యూజర్‌కి స్మూత్‌గా ఉండాలి కదండీ. మధ్యలో ఈ బ్రేక్ ఎందుకు?"

"గడప దాటి, కూర్చోని, మాట్లాడేవాడు చుట్టం సార్. గడపలోనే వేలిముద్ర అడిగేవాడు వేరే."

"మీకన్నీ అనుమానాలే మేడం."

"దానికే గదా సార్ జీతం."

ఆయన నవ్వారు. అక్క నవ్వలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ పెట్టె అలాగే ఉంది.

బుధవారం మీటింగ్ గదిలో సంతాప సభ పెట్టారు. ఆమె లోటు తీరనిది అన్నారు మేనేజరుగారు. బయటికి రాగానే నా పక్కన నడుస్తూ, "ఆ పెట్టెలో వెయిటింగ్ ఉంది కదా, తీసేయండి. చిన్న పని. శుక్రవారం అప్‌డేట్‌లో వెళ్ళిపోతుంది" అన్నారు. ఒక అడుగు వేసి, "లీడ్ సీటుకి మిమ్మల్నే అనుకుంటున్నాం" అన్నారు. రెండు మాటలూ వేరువేరుగా వచ్చి ఉంటే నేనూ సంతోషపడేదాన్నేమో. ఆ రెంటికీ మధ్య ఒక్క అడుగే ఉంది. చూస్తానన్నాను. నిజంగానే చిన్న పని. కోడ్‌లో ఒక్క వరుస చెరిపేస్తే చాలు, ఎవరికీ తెలియదు. ఆ సీటు నాకు కావాలి కూడా.

గురువారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. అక్క వాళ్ళమ్మగారు తలుపు తీసి నన్ను పైనుంచి కిందికి చూశారు.

"నువ్వేనా చదివే పిల్ల?"

"ఏం చదవడం అమ్మా?"

"తెలుగు. మాకు మాట్లాడేదే గానీ అచ్చరం రాదు గదా. నాకూ రాదు, దానికీ రాదు. ఇస్కూల్లో అంతా అరవమే. ఆ పిల్ల చదివితేనే పెట్టె ఎంతసేపు నిలబడాల్నో తెలస్తాదని చెప్తా ఉన్నింది."

నేను చాపమీద కూర్చుండిపోయాను. అలవాటు చొప్పున ఈ మాటనీ తిప్పి చూశాను. ఎక్కడా చిరుగు లేదు. తెలుగు పెట్టెలు చూడాల్సిన లీడ్‌కి తెలుగు చదవడం రాదని తెలిస్తే మేనేజరుగారు ఊరుకునేవారు కాదు. అది తెలిసే దాచింది. నన్ను కూడా నమ్మలేదే అని కొంచెం గుచ్చుకుంది. కానీ రోజూ కళ్ళు మూసుకుని నమ్మింది నా గొంతునే కదా.

ఆమె లోపలికెళ్ళి కూతురి ఫోన్ తెచ్చారు. "దాని చేతిపని చూద్దామని తెరిచినా. ఏందో అడగతా ఉండాది. చదవకుండా నొక్కొద్దంటా ఉన్నింది అది. చదువమ్మా."

ఆ పెట్టే. నిదానంగా, పైకి చదివాను.

"భాగస్వాములంటే?"

"కంపెనీతో కలిసి పనిచేసేవాళ్ళమ్మా."

"అంటే ఎవురు?"

ఆ వాక్యం అక్షరాల సైజు నాకు తెలుసు, రంగు తెలుసు, అది తెర మీదికి ఏ వాలుగా వస్తుందో తెలుసు.

"నాకు తెలీదమ్మా."

"అట్లా చెప్పు" అని ఫోన్ వెనక్కి తీసుకున్నారు.

అక్కడే కూర్చుని మేనేజరుగారికి రాశాను. ఆ వెయిటింగ్ నేను తీయను. భాగస్వాములెవరో పేర్లు పెట్టెలోనే రాద్దాం. చదవడానికి ఇంకాసేపు పడుతుంది, ఇంకాసేపు ఆపుదాం. చూసినట్టు గుర్తు వెంటనే పడింది. జవాబు రాలేదు.

నా ఎదురుగా ఆ పెద్దావిడ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో ఒకరు వచ్చి ఆ పేర్లు చెప్తారన్నట్టు కూర్చున్నారు. బొటనవేలు తెరకి తగలకుండా గాలిలో ఆగి ఉంది. తెర వెలుగు తగ్గి ఆరిపోబోతే పెట్టె బయట, అంచు మీద ఒకసారి తాకి, వేలు మళ్ళీ పైకెత్తి పట్టుకున్నారు.