వెల్ సెడ్ అన్న పూట

ఈ ఏడు ఏప్రిల్ రెండో ఆదివారం, ఉదయం తొమ్మిదీ పదికి అది మొదలైంది. గడియారం చూసే చెబుతున్నాను. ఆ వేళకి నేను బీపీ మాత్ర వేసుకుంటాను. మాత్ర ఇంకా అరచేతిలోనే ఉంది, గేటు చప్పుడైంది.

వచ్చింది మా మామిడితోట కాపు కొనే ఆయన. తిరువూరులోనే ఇల్లు, పండ్ల వ్యాపారం. పంతొమ్మిదేళ్లుగా ఏటా పూత మీదే మా తోట కాపుకి బేరం మాట్లాడుకుంటున్నాడు. నన్ను అక్కా అంటాడు. మావారు పోయిన రోజున బంధువుల కంటే ముందు వచ్చి వాకిట్లో కుర్చీలు వేసింది ఆయనే.

ముందు రోజు సాయంత్రం గంపలగూడెం వైపు నుంచి గాలివాన లేచింది. గాలి కొట్టిన మర్నాడు రెండిళ్ల వాళ్లం కలిసి తోటంతా నడవడం మా రివాజు. అంతవరకు రాలిన కాయ ఒక్కటి కూడా ఏరకూడదు. కళ్లారా చూశాక, ఆ చెట్ల కిందే నిలబడి, నష్టంలో మా వంతుగా ధరలో ఎంత తగ్గించాలో తేల్చుకుంటాం. కాగితం ఏమీ లేదు. కాయ నేల మీద ఉన్నంతసేపూ మాట నిలిచి ఉన్నట్టే.

"అక్కా, ఒక్కసారి వచ్చి చూడండి. పైవరస చెట్ల కాయ మొత్తం నేల మీదే ఉంది. ఎవర్నీ ముట్టనివ్వలేదు."

మా మరిది కొడుకు విజయవాడలో వ్యాపారం చేస్తాడు. మరిదికి మోకాళ్లు పట్టేశాక తోట వ్యవహారం ఈ ఏడే వాడి చేతికి వచ్చింది. టిఫిన్ ప్లేటుతో వరండాలోకి వచ్చాడు.

"ఏంటి మావయ్యా, గాలికి కూడా మాకే బిల్లు వేస్తావా?"

"బిల్లేంటి అల్లుడూ! మీ నాన్న టైం నుంచీ ఉన్నదేగా. నడిచి చూద్దాం రమ్మంటున్నా. ఇడ్లీ తినే రా."

"కాపు విరగకాసిన ఏడు మమ్మల్ని నడిపించావా మరి?"

"ఆ ఏడు మీ ఇంటికొచ్చిన బుట్టలన్నీ ఎవరు తిన్నారు?"

నేను నవ్వాను. వాడూ నవ్వాడు. ప్లేటు పక్కన పెట్టి, చేయి తుడుచుకుని అన్నాడు.

"చూడు మావయ్యా. తోట మాది. కాయ నీది. గాలి ఎవరిదీ కాదు."

"వెల్ సెడ్!" అన్నాను.

అన్నది నేనే. నా గొంతు నాకు వినిపించింది.

ముప్ఫయ్యొక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. సాగదీసి చెప్పే జవాబులు నాకు పడవు. ఏ పిల్లయినా నాలుగు మాటల్లో తేల్చేస్తే వెల్ సెడ్ అనేదాన్ని. ముందు జవాబు సరిచూసుకుని ఆ తర్వాతే అనేదాన్ని. ఆ ఉదయం మూడు ముక్కలూ అంత ముచ్చటగా అమిరేసరికి, జవాబు తప్పని బుద్ధికి తట్టేలోపే నాలుక మెచ్చేసుకుంది.

మా ఇంట్లో నేను ఆ మాట అన్నానంటే ఇక వాదన లేదు. ఆయనకీ తెలుసు. ఆయన పెద్దకూతురు నా దగ్గరే చదివింది.

"మా అమ్మాయిని మీరు ఆ మాట అన్న రోజు వీధంతా మిఠాయి పంచామక్కా," అన్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

నేను మెచ్చింది మాట తీరునే తమ్ముడూ, అనబోయాను. అదేం సంజాయిషీ? ఆ తీరుతోనేగా ఆయన నోరు మూయించాం.

"కరెక్ట్ టైంలో అన్నావు పెద్దమ్మా," అన్నాడు మావాడు. మాత్ర చెమటకి అరచేతిలోనే కరిగిపోయింది.

ఆటో పిలిపించుకుని తోటకి చేరేసరికి పదకొండున్నర. పైవరస కింద విరిగిన కొమ్మలున్నాయి, ఆకులున్నాయి. కాయ ఒక్కటి లేదు. చివరి బస్తా మూతి కడుతున్న కూలీ ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది.

"ఎవరూ చూడటానికి రారంటగా అమ్మగారూ. ఏరేయమని మా షావుకారు ఫోన్ చేశారండి."

పంతొమ్మిదేళ్లలో మేం చూడకుండా ఆ నేల ఊడ్చింది లేదు. అక్కడి నుంచే ఫోన్ చేశాను. వెంటనే ఎత్తాడు.

"తమ్ముడూ, నేను తోటలోనే ఉన్నాను. వచ్చాను."

"అయ్యో, ఎండలో మీరెందుకండీ? అబ్బాయిగారు చెప్పింది కరెక్టే. ఉన్న కాయ తెంపుకుంటాం. వచ్చే ఏడు పూతకి వేరేవాళ్లని చూసుకోండి మేడం."

ఆయన పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గర నుంచి తీయలేదు. కూలీ ఆవిడ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

పోయినవి ఇవి. పైవరస పదహారు చెట్ల కాయ. ఎన్ని బస్తాలో చెప్పలేను, చూడలేదు. పంతొమ్మిదేళ్ల మాట. అక్కా అని పిలిచే మనిషి, ఒకరు.